పేస్‌మేకర్ ఉన్నా కాళ్ళు ఎందుకు వాస్తున్నాయి?



పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దవారిని చూడబోయినప్పుడు మేము తరచుగా వినే మాట, "మిషను పెట్టారు గదండీ, ఇక భయము లేదు" అని. కొన్నాళ్ళకు కొందరికి సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసము వస్తుంది. మిషను చెడిపోయిందేమోనని ఇంటివారు కలత చెందుతారు. చాలాసార్లు అది తన పని చేస్తూనే ఉంటుంది. ఆ పని ఏమిటో మనము తెలుసుకోవాలి.

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకోకుండా చూడడమే పేస్‌మేకర్ పని. దీనిని మొదటిసారి మనిషి శరీరములో అమర్చినది 1958లో, స్వీడన్ దేశములో. ఆ రోగి ఆర్నె లార్సన్ 2001 వరకు జీవించాడు. అంత మేలైన సాధనమే గాని, మామూలు పేస్‌మేకర్ బలహీనపడిన గుండె కండరానికి బలమివ్వదు. గుండె రక్తాన్ని సరిగా తోయలేనప్పుడు మూత్రపిండాలు ఉప్పును, నీటిని శరీరములోనే నిలిపివేస్తాయి. ఆ నీరు కాళ్ళలో, పొట్టలో, ఊపిరితిత్తులలో చేరుతుంది. దీనినే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోయిందని దీని అర్థము కాదు. కొందరికి మూడు తీగెల పేస్‌మేకర్ అమర్చుతారు. అది గుండె రెండు పక్కలూ కలిసి కొట్టుకొనేలా చేస్తుంది. దానితోపాటు కూడా మందులు వాడవలసిందే.

ఇంటిలో పాటించవలసినవి:

1. తూకము: రోజూ ఉదయము మూత్రానికి వెళ్ళివచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి నోటుబుక్కులో వ్రాయండి. ఒకటి రెండు రోజులలో కిలోకు మించి గాని, వారములో 2 కిలోలకు మించి గాని పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు కావచ్చు. వెంటనే డాక్టరుకు తెలియజేయండి.

2. వాపు: మోకాలి క్రింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కండి. గుంట పడి అలాగే ఉంటే నీరు చేరిందని గుర్తు.

3. ఉప్పు: రోజుకు అన్నిటిలో కలిపి 5 గ్రాములు, అనగా ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలలో ఉన్న ఉప్పు కూడా లెక్కలోనిదే. డాక్టరును అడగకుండా "తక్కువ సోడియం ఉప్పు" వాడవద్దు. అందులోని పొటాషియం కొందరికి ప్రమాదము. నీళ్ళు ఎన్ని త్రాగాలో కూడా డాక్టరునే అడగండి.

4. మాత్రలు: ఆదివారము ఆరాధనలో మాటిమాటికి లేవవలసి వస్తుందని కొందరు మూత్రము వచ్చే మాత్ర మానేస్తారు. మానవద్దు. ఆ రోజు ఇంటికి వచ్చాక వేసుకోవచ్చునేమో డాక్టరును అడగండి. ఉపవాసము ఉండాలన్నా ముందుగా ఆయనను అడగండి. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతముగా వాడవద్దు. అవి నీరు చేరడాన్ని పెంచుతాయి. వాంతులు, విరేచనాలు అవుతుంటే నీటి మాత్ర వేసుకొనే ముందు డాక్టరుతో మాట్లాడండి.

5. మిషను: పరీక్షకు పిలిచిన తేదీ తప్పవద్దు. పేస్‌మేకర్ పెట్టిన తరువాతనే ఆయాసము మొదలైతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. కొందరిలో క్రింది గదిని ఎక్కువగా కొట్టించడము వలన గుండె నీరసించవచ్చు, దానికి వైద్యము ఉన్నది. మిషను ఉన్న వైపు జేబులో సెల్‌ఫోను పెట్టుకోవద్దు. మిషను కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడము, నురుగుతో దగ్గు, స్పృహ తప్పడము, ఛాతీ నొప్పి కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

ఇక ఒక మాట. బిడ్డలకు ఖర్చు పెట్టించడము ఇష్టము లేక పెద్దలు వాపును పంచె క్రింద, చీర కుచ్చెళ్ళ క్రింద దాచుకుంటారు. రెండు దిండ్లు ఉన్నచోట మూడు పెట్టుకొని పడుకుంటారు గాని నోరు విప్పరు. నీరు కొద్దిగా ఉన్నప్పుడు చెబితే మాత్రల మార్పుతో సరిపోవచ్చు, ఆలస్యమైతే ఆసుపత్రి మంచమే గతి. కాబట్టి పెద్దలారా, దాచకండి. పిల్లలారా, వారు చెప్పేదాకా ఆగకండి. రేపు ఉదయము మీ అమ్మగారి పాదాలు, నాన్నగారి పాదాలు ఒకసారి చూడండి.