కరణము చూపిన దారి

ఎఫెసులో దేమేత్రి రేపిన అల్లరి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో చదువుతాము. రెండు గంటలు ఒకటే కేకలు; వచ్చినవారిలో చాలామందికి ఎందుకు వచ్చారో తెలియదు! కరణము వారిని శాంతపరచి, ఫిర్యాదు ఉంటే న్యాయసభలో చెప్పుకొమ్మన్నాడు.

పట్నంలో చదివే మన అమ్మాయిని బస్సులో ఎవడో అల్లరి పెడితే మనమేమి చేస్తున్నాము? "పరువు పోతుంది, ఊరుకో" అంటాము. లేదా అన్నదమ్ములను కొట్లాటకు పంపుతాము. కరణము చెప్పిన దారి ఇప్పుడూ ఉన్నది. ఆపదలో 112కు ఫోను చేయాలి. హైదరాబాదులో 2014 నుండి మఫ్టీలో తిరిగే షీ టీములు ఉన్నాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన చట్టము ప్రకారము, నేరము పట్నంలో జరిగినా మన ఊరి స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చును, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితము. బస్సు నెంబరు, సమయము వ్రాసి పెట్టుకొమ్మనండి. చదువు మాత్రం మాన్పించకండి.