మైకు అందని సాక్ష్యం

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు ఆమె దేహాన్ని కడిగి మేడగదిలో ఉంచారు. దగ్గరలోని లుద్దలో పేతురు ఉన్నాడని తెలిసి ఇద్దరు మనుషుల్ని పంపారు. ఆయన వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ చుట్టూ చేరి, ఆమె తమకు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు (అపొ. కా. 9:36-42). వాళ్లేం మాట్లాడారో లూకా రాయలేదు. తబితా బతికుండగా పలికిన ఒక్క మాట కూడా రాయలేదు. ఆమెకు భర్త ఉన్నాడో లేడో, ఆస్తి ఎంతో అదీ లేదు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘శిష్యురాలు’ అనే స్త్రీవాచక పదం ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. అది ఈమె గురించే. బట్టలు కుట్టిన మనిషి గురించి!

ఈ భాగాన్ని స్త్రీల సమాజం కూడికల్లో ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. అందులో ఏముందో మాత్రం మా అక్క ప్రభువు సన్నిధికి వెళ్లాకే తెలిసింది.

అక్క అంటే తోడబుట్టిన మనిషి కాదు. గుంటూరులో మా సంఘంలోనే ముప్పై ఏళ్లుగా నాకు స్నేహితురాలు. టీచరుగా రిటైరయ్యాక ప్రతి శనివారం గుడ్డసంచి పట్టుకుని పిడికెడు బియ్యానికి బయలుదేరేది. వంటకు ముందు దేవుని పేర ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసే అలవాటు మన సంఘాల్లో పాతదే కదా. కొన్నిచోట్ల ఆ బియ్యాన్ని వేలం వేసి, వచ్చిన డబ్బును కానుకపెట్టెలో వేస్తారు. అక్క దానికి ఒప్పుకునేది కాదు. ‘వాళ్లు అన్నం కోసం ఇచ్చారు చెల్లీ, బియ్యం బియ్యంగానే పోవాలి’ అనేది. చర్చి వెనక సందుల్లోని ఒంటరి ముసలమ్మలకు ఇచ్చి వచ్చేది. వాళ్లు ఏ మతమో అడిగేది కాదు. వాళ్ల పింఛను దరఖాస్తులు తనే రాసేది, వేలిముద్ర వేయబోతే చేయి పట్టుకుని సంతకం నేర్పేది. కోపం ఎక్కువే. ఆలస్యంగా వచ్చిన క్వయర్ పిల్లలు ఆమె కంట పడకుండా పక్క గుమ్మంలోంచి జారుకునేవాళ్లు.

ఆమె జ్ఞాపకార్థ కూడికకు షామియానా వేశాం, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టాం. కార్యక్రమం నడిపింది నేనే. పదకొండు మంది మాట్లాడారు. నిజం చెప్పాలంటే, వారిలో సగం మంది తమ గురించే మాట్లాడారు. భోజనాల వేళవుతుండగా వెనక కుర్చీల్లోంచి ఒక ముసలమ్మ లేచి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న పింఛను కాయితాన్ని ఎత్తి పట్టుకుంది. ‘ఇది టీచరమ్మ రాసిందమ్మా’ అంటూ ముందుకు రాబోయింది. సమయం లేదని నేను చేత్తో కూర్చోమన్నాను. ఆమె కూర్చుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేతురు ఎంత పనిమీద వచ్చినా ఆ బట్టలను చూశాడు. ఆ తర్వాతే అందరినీ బయటికి పంపి మోకరించాడు. తబితాను సజీవంగా అప్పగించేటప్పుడు కూడా పరిశుద్ధులను పిలిచాడని చెప్పి ఊరుకోకుండా, విధవరాండ్రను వేరే చెప్పాడు లూకా. మన జ్ఞాపకార్థ కూడికల్లో వాళ్ల చోటు ఎక్కడ? ఆఖరి వరుసలో, ఆఖరి బంతిలో. పోయినవారి చేతి అన్నం తిన్నవాళ్లకే మొదటి మైకు ఇవ్వాలని నేనిప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. హోదా ఉన్నవాళ్లు తర్వాత మాట్లాడవచ్చు, మాట్లాడకపోయినా నష్టం లేదు.

అక్క కోసం మేమూ ప్రార్థించాం. క్యాన్సర్ తగ్గలేదు. పునరుత్థాన దినాన ఆమెను చూస్తామన్న నిరీక్షణ మాకు ఉంది. అయితే వచ్చే శనివారం బియ్యం మాటేమిటి?

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి మా గుంటూరుకు వచ్చి, ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె పేరు ఆసుపత్రికి నిలిచింది. అక్క పేరున ఏ భవనమూ లేదు. ఉన్నది రెండొందల పేజీల నోటుపుస్తకం ఒక్కటే. వాళ్లబ్బాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేజీకొక పేరు. ‘బీపీ బిళ్లలు అయిపోయాయి’, ‘కోడలితో గొడవ, వెళ్లి మాట్లాడాలి’ అని పెన్సిలు రాతలు. ఒక పేజీలో ‘ఆధార్‌లో వయసు తప్పు, సోమవారం ఆఫీసుకు’ అని ఉంది. పేరు చూస్తే, నేను కూర్చోమన్న ముసలమ్మ చెల్లెలు.

సోమవారం అక్కచెల్లెళ్లిద్దరినీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. రెండు గంటలు నిలబడ్డాం. ఇంకో కాయితం కావాలని, బుధవారం రమ్మని చెప్పారు. తిరిగి వస్తుంటే పెద్దామె కవరులోంచి ఆ పింఛను కాయితం తీసింది. దాన్ని చేతిలోకి తీసుకుని, అక్క దస్తూరీని మొదటి నుంచి చివరి దాకా చదివాను.