మైదానం కూడా హక్కే

జాతీయ క్రీడా దినోత్సవం నాడు త్రిపురాంతకం పరిసరాల్లోని ఒక పాఠశాల మమ్మల్ని ఆహ్వానించింది. గోడమీద ‘మన క్రీడా ఘనతలు’ అనే పట్టిక వేలాడుతున్నది. కరణం మల్లీశ్వరి, పుల్లెల గోపీచంద్, పి.వి. సింధు. అందరూ మనకు గర్వకారణమే. వారిలో ఒక్క పేరునైనా తొలగించమని మేము కోరము. అయితే ఒక పేరు మాత్రం అక్కడ లేదు. అడిగితే, ఆ పేరు తాము వినలేదని ఉపాధ్యాయులే అన్నారు.

ఆ పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ మెట్టు ఎక్కిన తొలి ఆసియా జట్టు అదే. దాని శిక్షకుడు రహీమ్, హైదరాబాదులో బడిపంతులుగా జీవితం ప్రారంభించినవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతదేశం 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. జకార్తా విజయం నాటికే ఆయనను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

మెల్‌బోర్న్ జట్టులో మన జంటనగరాల నుండి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్‌లతోపాటు తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు. బంతి అందించేవాడి మతం ఏమిటని ఆ మైదానంలో ఎవరూ అడగలేదు. నేడు క్రికెట్ పోటీ జరిగినప్పుడల్లా మన వీధులవైపు అనుమానపు చూపు చూసేవారు ఈ చరిత్ర చదవాలి. దేశభక్తికి మన యువకులు ఏనాడో చెమటతో సాక్ష్యం ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ సాక్ష్యం అడగడమే అన్యాయం.

ఆ రోజు మమ్మల్ని ఎక్కువగా బాధించినది పట్టిక కాదు. పరుగుపందేనికి చోటు లేక పిల్లలు జెండా దిమ్మె చుట్టూ తిరిగారు. ఆటలేని బడిలో క్రీడా దినోత్సవం!

గుమాస్తాగా జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం, కాగితం విలువ మాకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలి. చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అప్పటికే నడుస్తున్న బడులకు ఇచ్చిన మూడేళ్ళ గడువు ఎన్నడో ముగిసింది. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతికమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. ఆ కుర్చీలలో మన తల్లులు ఎందరు కూర్చుంటున్నారు? సమావేశానికి వెళ్ళకుండా ప్రభుత్వాన్ని నిందించి ప్రయోజనం లేదు.

ఇక మన ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. ఆడపిల్లకు పన్నెండేళ్ళు నిండగానే ‘నలుగురు ఏమంటారో’ అని ఆట మాన్పిస్తున్నాము. ప్రవక్త ముహమ్మద్ (స) తమ సతీమణి ఆయిషా (ర)తో పరుగుపందెం వేసిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది కదా! నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. ఆమెను ఆ బాట పట్టించినది కన్నతండ్రే. ఆ నలుగురి మాటకు ఆయన తలవంచి ఉంటే ఆ పతకాలు ఎక్కడివి?

సోదర సోదరీమణులారా! ఈ నెల కమిటీ సమావేశానికి తప్పక వెళ్ళండి. ఆటస్థలం లేదన్న విషయాన్ని పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాయించండి, దరఖాస్తుకు రసీదు తీసుకోండి. రహీమ్ పేరు గోడమీద రాయించడం ఒక్కపూట పని. ఆ గోడ ముందు మన కొడుకూ కూతురూ పరుగెత్తేందుకు నేల సంపాదించడమే అసలు పని. అది ఎవరో చేసే దానం కాదు, మనకు రావలసిన బాకీ.