పెన్‌డ్రైవ్‌కు తాళం వేస్తే చాలదు.. ఆ తాళం ఎలాంటిదో తెలియాలి

రాజమండ్రి, అమలాపురం, నరసాపురం.. గోదావరి జిల్లాల్లో ఏ ఊరి నెట్ సెంటర్‌లోనైనా కనిపించే దృశ్యమే ఇది. గల్ఫ్ వెళ్లే కొడుకు పాస్‌పోర్టు, ఆధార్, నిఖానామా, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి దస్తావేజు అన్నీ స్కాన్ చేసి ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటారు. ‘భయ్యా, ఇందులోంచి పాస్‌పోర్టు ఒక్కటి ప్రింట్ తీయండి’ అంటూ దాన్ని కౌంటర్ మీద ఇచ్చేస్తారు. కావాల్సింది ఒక్క కాగితం. చేతిలో పెట్టేది మాత్రం ఇంట్లో బీరువా మొత్తం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. సంస్థలపై ప్రధాన బాధ్యతలు మాత్రం 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. ఇంటి అవసరానికి మనమే దాచుకున్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. బస్సులో పెన్‌డ్రైవ్ జారిపోతే ఆ నష్టం మనదే.

‘ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా’ అని చాలామంది ధీమా. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే పాస్‌పోర్టు కాపీ ఉంటే ఆ రెండూ అందులోనే దొరుకుతాయి. అది తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీయడం లాంటిది.

అసలు తాళం ఎన్‌క్రిప్షన్. పాస్‌వర్డ్ లేనిదే ఫైల్‌లోని సమాచారం ఎవరికీ అర్థం కాని అక్షరాలుగా మారిపోవడమే ఇది. అయితే డబ్బా మీద ‘256 బిట్’ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. 2010లో కింగ్‌స్టన్, శాన్‌డిస్క్, వెర్బాటిమ్ కంపెనీల కొన్ని పెన్‌డ్రైవ్‌లలో పెద్ద లోపం బయటపడింది. అవి అమెరికా ప్రభుత్వ ధ్రువీకరణ పొందినవే. పాస్‌వర్డ్ ఏదైనా, డ్రైవ్‌ను తెరిచే సంకేతం మాత్రం ఒక్కటేనని జర్మనీ నిపుణులు కనిపెట్టారు. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శాంసంగ్, క్రూషియల్ డ్రైవ్‌లు కొన్నింటిలో ఇలాంటి బలహీనతలే చూపించారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ కూడా డ్రైవ్‌లోని తాళం మీద ఆధారపడటం మానేసి, విండోస్‌లోని సొంత ఎన్‌క్రిప్షన్‌నే వాడేలా బిట్‌లాకర్‌ను మార్చింది.

అంటే నమ్మకానికి కొలత ధర కాదు, బ్రాండ్ కాదు. తాళం ఎలా పనిచేస్తుందో బయటివాళ్లు విప్పి చూశారా, తప్పు దొరికితే సరిదిద్దారా అన్నదే. వెరాక్రిప్ట్ ఉచిత సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. 2016లో బయటి నిపుణులు తనిఖీ చేసి లోపాలు చెబితే, చాలావరకు సరిచేశారు. విండోస్ ప్రో ఉన్నవారికి బిట్‌లాకర్ టు గో సులువు. దాంతో తాళం వేసిన పెన్‌డ్రైవ్‌ను హోమ్ ఎడిషన్ కంప్యూటర్‌లోనూ పాస్‌వర్డ్‌తో తెరవొచ్చు.

ఎంత మంచి తాళమైనా నెట్ సెంటర్ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరిస్తే, ఆ కాసేపు అన్ని ఫైళ్లూ తెరిచినట్టే. ఆ కంప్యూటర్‌లో వైరస్ ఉంటే పాస్‌వర్డ్ కూడా పోతుంది. అందుకే రెండు పెన్‌డ్రైవ్‌లు ఉండాలి. తాళం ఉన్నది ఇల్లు దాటకూడదు. రెండోది ఖాళీగా ఉంచి, ఆ రోజు పనికి కావాల్సిన ఒక్క ఫైలే అందులో వేసుకెళ్లాలి. ఒప్పుకునే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు. పాత పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు డిలీట్ చేసినా తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాబట్టి దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేయకూడదు.

ఇంకో ప్రమాదం మన వైపు నుంచే. వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే దారి లేదు. బిట్‌లాకర్‌కైతే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, దాన్ని దాచుకోవాలి. పాస్‌వర్డ్ కువైట్‌లో ఉన్న అబ్బాకు ఒక్కరికే తెలిస్తే, ఇక్కడ అమ్మీకి అత్యవసరమైన రోజు ఆ పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్టే. ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి. కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌కు దూరంగా దాచాలి. 2022 జులై వరదల్లో కోనసీమ లంక గ్రామాలు మునిగాయి. అలాంటి చోట ఉండేవారు తాళం వేసిన ఇంకో కాపీని వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో పెట్టడం మేలు. పాస్‌వర్డ్ లేకుండా అది వారికీ తెరుచుకోదు కాబట్టి మొహమాటపడాల్సిన పనీ లేదు.