దాచదగిన కాగితము

మనుష్యునకు దాచుకొను బుద్ధి సహజమైనది. ధాన్యమును గాదెలోను, ధనమును పెట్టెలోను దాచుకొనువాడే చెల్లిపోయిన తపాలా బిళ్లను, పత్రికలోని బొమ్మను, ఇంటి ఆడపడుచు పెండ్లి శుభలేఖను కూడ దాచుకొనుచున్నాడు. మొదటి రెండింటికి అక్కర కారణము. తక్కిన వానికి మమకారము కారణము. ఈ మమకారమునకు ఒక క్రమమును, ఒక అందమును కల్పించినచో అది వ్యాసంగ మగును. కత్తిరింపులను, ఛాయాచిత్రములను, ఎండిన ఆకులను పుస్తకములో అతికించి ప్రక్కన రెండు మాటలు వ్రాసికొనుట ఒక వ్యాసంగము. దానినే స్క్రాప్ బుక్ అనుచున్నారు. పండుగకో, పుట్టినరోజునకో స్వహస్తముతో కార్డు తయారుచేసి ఆప్తులకు పంపుట మరియొకటి.

ఈ పనులకు వలయు సామగ్రి నేడు కొల్లలుగ లభించుచున్నది. రంగు కాగితములు, మెరుపుపొడి, అంటించుటకు సిద్ధముగ నున్న పూలు, రిబ్బనులు, ముద్రలు, ఆకులవలె నక్షత్రములవలె కాగితమును కత్తిరించు పంచింగు యంత్రములు వరుసగ నున్నవి. ఊరి అంగడిలో లేనిది ఇంటికే పార్సెలుగ వచ్చుచున్నది. అయినను ఈ పనియందు నిజమైన ఆసక్తి గలవానిని, “సామగ్రి నుండి నీవు కోరున దేమి?” అని అడిగినచో అతడు మెరుపును ముందుగ చెప్పడు. తాను అతికించినది నిలువవలెనని చెప్పును. తనకు వలసినంత, తగిన కొలతలో దొరకవలెనని చెప్పును. తాను చేయవలసిన పనిని ఇతరులు ముందే చేసి అమ్మరాదని చెప్పును. ఈ మూడు కోరికలును న్యాయమైనవే. అంగడి వీనిని అంతగా పట్టించుకొనుట లేదు. బాలురకు ఈ వ్యాసంగమును మొదట నేర్పునది పాఠశాల గనుక, ఉపాధ్యాయులైనను పట్టించుకొనవలసి యున్నది.

ఇది నిన్న మొన్నటి మోజు కాదు. లండనులో హెన్రీ కోల్ అను నతడు 1843లో హార్స్‌లే అను చిత్రకారునిచేత గీయించి అచ్చువేయించి అమ్మించిన క్రిస్మస్ కార్డు ప్రసిద్ధమైనది. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ స్వయముగ కత్తిరింపుల పుస్తకములను పెంచినవాడు. జిగురుతో చేతులు పాడగుట సహింపక, ముందే జిగురు పూసిన పుటలు గల పుస్తకమును కల్పించి 1873లో పేటెంటు పొందినాడు. పుటను తడిచేసి కత్తిరింపును అద్దిన చాలును. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ రచయిత అమ్మినది ఖాళీ పుటలను. కొనువాని పనిని ఆయన సులభము చేసినాడే గాని, ఆ పనిని వాని చేతినుండి లాగికొనలేదు.

తెలుగువారికిని కార్డు క్రొత్త కాదు. శుభలేఖ మూలల పసుపు అద్దనిదే పంచుట మన ఇండ్లలో ఆచారము కాదు. అచ్చుయంత్రము నుండి వేయి ప్రతులు ఒక్క తీరున వెలువడినను, ఇల్లాలి వ్రేలు సోకిన పసుపుతో ప్రతి యొక్కటియు చేతిపని యగుచున్నది. కార్డు తయారుచేయుటలోని ధర్మ మంతయు ఆ పసుపు చుక్కలో ఇమిడి యున్నది.

ఈ విషయమును దాచేపల్లి వంటి ఊరిని ఎదుట నుంచుకొని ఆలోచించుట మేలు. ఆ పేరు ఎట్లు ఏర్పడినను, చెవికి మాత్రము అందు ‘దాచు’ అను క్రియయే వినవచ్చుచున్నది. నాగులేటి దరి నున్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది. ఈ సీమలో నేలపైన ప్రత్తియు మిరపయు పండును. నేలక్రింద సున్నపురాయి పరచుకొని యున్నది. చేరువనున్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు వడసినది. ప్రత్తి, సున్నము అను ఈ రెండును కాగితముయొక్క దీర్ఘాయువునకు తోడ్పడు ద్రవ్యములు. తన ఊరి చేను, తన ఊరి రాయి తన స్క్రాప్ బుక్కును కాపాడగలవని పలనాటి విద్యార్థి తెలిసికొనుట విజ్ఞానపాఠము; అభిమానమునకు కూడ కారణము.

కాగితము ఏల పసుపుబారును? ఏల పెళుసెక్కును? కారణములు ముఖ్యముగ రెండు. మొదటిది లిగ్నిన్ అను పదార్థము. చెట్టునకు గట్టితన మిచ్చున దిదే. వార్తాపత్రికల కాగితమునకై కొయ్యను నూరి గుజ్జు చేయునపుడు లిగ్నిన్ అందులోనే మిగిలిపోవును. వెలుతురు సోకగా రంగు మారును. రెండవది ఆమ్లము. సిరా ప్రాకకుండుటకై రోజిన్ అను చెట్టుబంకను పటికతో చేర్చి గుజ్జులో కలుపు పద్ధతిని 1807లో జర్మనీ దేశమున ఇల్లిగ్ ప్రకటించినాడు. పని చౌక యైనది. కాని పటికవలన కలిగిన ఆమ్లము క్రమముగ కాగితపు పీచును తెగగొట్టును. అందుచేతనే గుడ్డపీలికలతో చేసిన పూర్వపు కాగితము చెక్కుచెదరక యుండగా, తరువాతి కాలపు పుస్తకములు అనేకము మడచినచోటనే విరుగుచున్నవి.

ఈ రోగమునకు మందు సున్నములో దొరకినది. అమెరికాలో విలియం బారో అను గ్రంథసంరక్షకుడు ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున, పాత కాగితమును మొదట సున్నపు నీటను, పిదప కాల్షియం బైకార్బొనేటు నీటను ముంచి ఆమ్లమును అణచు చికిత్సను వ్యాప్తిలోనికి తెచ్చినాడు. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9706 అను అంతర్జాతీయ ప్రమాణము, చిరకాలము నిలువవలసిన కాగితమున కనీసము 2 శాతము కాల్షియం కార్బొనేటునకు సమానమైన క్షారము నిలువ యుండవలెనని విధించినది. కాల్షియం కార్బొనేటు అనగా సున్నపురాయిలోని పదార్థమే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనములను, శిల్పములను పదునారు వందల యేండ్లకు పైగ మోసినది పలనాటి సున్నపురాయి. పొడియై కాగితములో చేరినను అది కావలి పనియే చేయుచున్నది. ఇక ప్రత్తి సంగతి యేమనగా, దాని పీచులో లిగ్నిన్ దాదాపు శూన్యము. గుడ్డపీలికల కాగితము అన్నేండ్లు నిలుచుటకు రహస్య మదియే.

కావున మొదటి కోరిక స్పష్టమైనది. కాగితపు కట్టపై చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని అచ్చువేయువారు, అది ఆమ్లరహితమా కాదా అని కూడ అచ్చువేయవలెను. కొనువాడు రంగును కంటితో చూడగలడు; ఆమ్లమును చూడలేడు. కనబడనిదానిని చెప్పుట అమ్మువాని బాధ్యత. ఇందలి నిజమును తరగతిలో చూపుటకు పరికరము లక్కరలేదు. వార్తాపత్రిక ముక్కపై ఒక నాణెము నుంచి వారము పదిదినములు ఎండలో వదలినచో, నాణెపు చోటు తేటగను, చుట్టును పసుపుగను కానవచ్చును. ఆ ముక్కను చూచిన బాలుడు, కత్తిరింపుల పుస్తకమును ఎండ తగులు బల్లపై మరల వదలడు.

జిగురు విషయమున గూడ ఇట్టిదే. మైదాపిండి ఉడికించిన జిగురు మంచిది. తప్పుగ అంటినను తడిచేసి ఊడదీయవచ్చును. పురుగు పట్టుట దాని లోపము. పుస్తకములు కుట్టువారు అందులో నీలతుత్తము కలుపుట దానికొరకే. కాని అది విషము గనుక పిల్లల చేతికి ఇయ్యరాదు. తుమ్మజిగురు పూర్వమునుండి వాడుకలో నున్నది. మిక్కిలి అపాయకరమైనది సులభముగ దొరకు పారదర్శకపు టేపు. ఏండ్లు గడచుకొలది దాని జిగురు గోధుమరంగు తిరిగి కాగితములోనికి ఇంకును. పై పొర ఊడిపడును, మచ్చ మిగులును. ఛాయాచిత్రములకు తొడుగు పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లు చిత్రమునకే అంటుకొని దానిని చెరచును. సిరాలలో కరక్కాయ, అన్నభేది కలిపిన పాతకాలపు సిరా కాగితమును తినివేయునది. మసితో చేసిన సిరా చెదరక నిలుచునది. పెద్దలు ఎరిగిన ఈ భేదమును నేటి కలము కొనువానికి చెప్పువారు లేరు.

రెండవ కోరిక కొలతకు సంబంధించినది. ఒక్క నీలిరంగు అట్ట వలసినవాడు పది రంగుల కట్టను కొనవలసి వచ్చుచున్నది. తక్కిన తొమ్మిదియు పెట్టె అడుగున చేరుచున్నవి. విడిగ అమ్ము అంగడి ఈ వ్యాసంగమునకు మిత్రుడు. కార్డునకు అట్ట యిచ్చి, దానికి సరిపడు కవరు ఇయ్యకుండుట మరియొక లోపము. ఏ4 కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గలది. దానిని ఒకసారి మడచిన ఏ5 అగును. 162, 229 మిల్లీమీటర్ల సీ5 కవరులో పట్టును. రెండుసార్లు మడచిన ఏ6 అగును. 114, 162 మిల్లీమీటర్ల సీ6 కవరులో పట్టును. ఈ లెక్క తెలిసిన బాలుడు కవరును తానే చేసికొనగలడు. యంత్రముపై తయారైన కాగితమునకు నారదిశ కలదు. ఆ దిశగ మడచిన మడత నునుపుగ వచ్చును, అడ్డముగ మడచిన అట్ట పగులును. అట్టను రెండు వైపులకును మెల్లగ వంచి చూచినచో, ఎటు సులభముగ వంగునో అదియే నారదిశ. ఇక కత్తిరింపుల పుస్తకమునకు పుట పుటకు నడుమ కుట్టువద్ద సన్నని కాగితపు పట్టీలు చేర్చి కుట్టవలెను. లేనిచో అతికించినకొలది పుస్తకము ముందువైపు నోరు తెరచి, వెనుక కుట్టు తెగును. ఈ చిన్న మేలు చేసి అమ్ము పుస్తకములు అరుదు.

మూడవ కోరికయే ఉపాధ్యాయులకు ముఖ్యమైనది. ప్రాజెక్టు పనియని పాఠశాల అడిగినంతనే, నాయకుల బొమ్మలు, జంతువుల బొమ్మలు, రవాణా సాధనములు వరుసగ అచ్చైన చార్టులు అంగడిలో సిద్ధముగ నుండును. బాలుడు వానిని కొని, కత్తిరించి, అంటించి తెచ్చును. నలువది పుస్తకములు ఒక్క తీరున నుండును. శుభ్రముగ నున్నవానికి మార్కులు పడును. సంవత్సరాంతమున అన్నియు పాత కాగితముల కొట్టునకు చేరును. ఇందు ఎవరు ఏమి దాచినట్లు? ఎవరు ఏమి చూచినట్లు?

దాచేపల్లి బాలుని పుస్తకములో నుండవలసినవి వేరు. దూది అంటిన ప్రత్తిగింజ, ఒక మిరప కాయ తొడిమ, నడికుడి జంక్షనులో ఎక్కిన రైలు టిక్కెట్టు, అక్క పెండ్లి శుభలేఖ, నాగులేటి ఒడ్డున దొరకిన ఆకు - ప్రక్కన తేదీయు, చోటును, దానిని ఇచ్చినవారి పేరును. అది తప్పులతో నున్నను చరిత్రకు పనికివచ్చును. కొన్న బొమ్మల పుస్తకము తప్పులు లేకున్నను దేనికిని పనికిరాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల విద్యార్థులకు పుస్తకముల సంచి లేని పదిదినములను కేటాయించి, స్థానిక చేతిపనివారి వద్ద నేర్చుకొనవలెనని సూచించినది. ఊరిలో పుస్తకములు కుట్టువాని యొద్ద ఒక్క దినము గడపుటకు ఇంతకంటె తగిన అవకాశ మేది?

మెరుపు విషయమున చట్టమే ముందుకు నడచినది. 2022 జులై 1 నుండి మన దేశమున అలంకరణకు వాడు థర్మోకోలును, ఆహ్వానపత్రికలకు చుట్టు ప్లాస్టిక్ పొరను నిషేధించినారు. 2023 అక్టోబరు నుండి ఐరోపా సమాఖ్య పలురకముల విడి ప్లాస్టిక్ మెరుపుపొడిని అమ్మరాదన్నది. ఇంకను థర్మోకోలు నమూనాలను కోరు పాఠశాల యున్నచో అది చట్టముకంటె వెనుకబడినట్లే.

మంచి కాగితము ఖరీదైనది, పేద విద్యార్థి ఎట్లు కొనగలడని కొంద రందురు. చార్టులకు, మెరుపులకు, టేపులకు వెచ్చించునది మానినచో కొన్ని మంచి కాగితములు రాకపోవు. మిగిలిన దంతయు వంటయింటిలోను, పొలములోను కలదు. శుభలేఖలే చేతిఫోనులో వచ్చుచుండగా కార్డు లేలయని మరికొంద రందురు. వార్త తెలియజేయుటకు కార్డు అక్కర తగ్గిన మాట నిజమే. తగ్గినందుననే, ఎవరైనను కూర్చుండి చేసి పంపిన కార్డునకు విలువ హెచ్చినది.

చేయవలసినవి పెద్ద పనులు కావు. తయారుచేయువారు ఆమ్లము సంగతి అట్టపై చెప్పవలెను. అమ్మువారు విడిగ అమ్మవలెను. ఉపాధ్యాయులు కొన్న బొమ్మకు మార్కులు తగ్గించి, వెదకి తెచ్చినదానికి హెచ్చింపవలెను. ఏటేట తరగతికొక మంచి పుస్తకమును బడి బీరువాలో దాచవలెను. ఇరువదియేండ్లకు అవి ఆ ఊరి చరిత్రకు ఆధారము లగును. నేటి విద్యార్థి ఆనాడు తండ్రియై తన పుస్తకమును బిడ్డకు తెరచి చూపునపుడు, పుట విరుగక తిరుగవలెను. అంటించినది ఊడక యుండవలెను. వ్రాసినది చదువ వీలు కావలెను. సామగ్రి నుండి ఈ వ్యాసంగము గలవాడు కోరునది ఇంతమాత్రమే.