స్టేడియం కాయితం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. పత్తి ఏరుడు అయినంక రెండు రాత్రులు కూసోని రాసిన. సగం చదివి తిట్టకుండ్రి, మొత్తం చదివి తిట్టుండ్రి.

మొన్న ఐతారం పొద్దుగాల మూడు బండ్ల మీద ఏడుగురు పిల్లలు చేను కాడికి వచ్చిండ్రు. అందరు నాకు తెలిసినోళ్ళే. ఒకడు మా బామ్మర్ది కొడుకు. ఒంటి మీద హైదరాబాద్ టీం నారింజ రంగు జెర్సీలు. చేతిల కాయితం. "మామా, ఎమ్మెల్యే గారికి వినతిపత్రం ఇస్తున్నం. వెయ్యి సంతకాలు కావాలె. నువ్వు రాస్తే నలుగురు చదువుతరు, సంతకం పెట్టి ఫేస్‌బుక్కుల గూడ రాయి" అన్నడు మా అల్లుడు.

కాయితం చదివిన. రెండు కోరికలు. ఒకటి, ఫ్యూచర్ సిటీల కడతమన్న అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం గురించి మన ఎమ్మెల్యే అసెంబ్లీల గట్టిగ మాట్లాడాలె, నిధులు తొందరగ ఇప్పియ్యాలె. రెండు, కోల్‌బెల్ట్ పిల్లల కోసం బెల్లంపల్లి పక్కన ఇరవై ఎకరాలల్ల గ్యాలరీలతోని ఒక క్రికెట్ స్టేడియం కావాలె. జాగ ఏడ అంటే, "రోడ్డు పక్కన ప్రభుత్వ భూమి ఉన్నది కదా మామా" అన్నడు.

ఆ ప్రభుత్వ భూమి అంటే ఏందో వానికి తెల్వదు. అది అసైన్డ్ భూమి. మా నాయినకు, ఇంకో పదిహేను ఇండ్లోళ్ళకు ఎన్నడో ఇచ్చిన భూమి. అండ్ల నాది ఎకరం పది గుంటలు. వాడు బండి ఆపిన గట్టు గూడ దాంట్లదే.

సంతకం పెట్టలే. పిల్లలు చిన్నబుచ్చుకొని పోయిండ్రు. సాయంత్రానికి గ్రూపుల "కాకకు ఆటలంటే పడది, భూమి పోతదని భయం" అని పెట్టిండ్రు. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల ఒక మాట. నాకు ఆటలంటే పడదు అన్నోనికి నా మోకాలు చూపిస్త. ఇంటర్ చదివే రోజులల్ల తిలక్ స్టేడియంల వాలీబాల్ ఆడి పగలగొట్టుకున్న మోకాలు. అప్పుడు బెల్లంపల్లిల బాయిలు నడుస్తుండె. మొదటి షిఫ్ట్ దిగిన కార్మికులు స్నానం చేసి, చాయ్ తాగి గ్రౌండ్‌కు వచ్చేటోళ్ళు. బొగ్గు మసి చెవుల వెనుక ఇంక ఉండంగనే స్మాష్ కొట్టేటోళ్ళు. మాకు నేర్పింది వాళ్ళే, ఏ కోచూ కాదు. తర్వాత బాయిలు ఒక్కొక్కటి మూతబడ్డయి, ఏరియా ఆఫీసు గోలేటికి పోయింది, ఆడేటోళ్ళు గూడ పోయిండ్రు. గ్రౌండ్ మాత్రం ఆడనే ఉన్నది. ఇప్పుడు అండ్ల ఎక్కువగ జరిగేవి ఏందో బెల్లంపల్లోళ్ళకు నేను చెప్పాల్నా? మీటింగులు. పొద్దుగాల వాకింగు. ఎలక్షన్లొస్తే హెలికాప్టర్లు, జనం, బ్యారికేడ్లు, తెల్లారి గుంతలు.

మన దగ్గరనే గాదు. హైదరాబాద్‌ల ఎల్బీ స్టేడియం చూడుండ్రి. 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఆడనే. గచ్చిబౌలిల 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్ అని పెద్ద పెద్దవి కట్టిండ్రు. 2020ల కరోనా వచ్చినప్పుడు ఆటగాళ్ళ కోసం కట్టిన టవరును ఆస్పత్రి చేసిండ్రు. ఆపతికి అక్కెరకొచ్చింది, మంచిదే. గని ఏండ్ల తరబడి దాన్నిండ ఆటగాళ్ళే ఉంటే గంత అల్కగ ఖాళీ దొరుకుతుండెనా అని అడుగుతున్న.

ఇప్పుడు క్రికెట్ స్టేడియం ముచ్చటకు వస్త. 2024 ఆగస్టు మొదట్ల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీల చెప్పిండు, స్కిల్ యూనివర్సిటీ దగ్గర అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం వస్తది, బీసీసీఐతోని మాట్లాడినం అని. అప్పటి సంది మన పిల్లలకు ఆశ. తప్పు లేదు. గని లెక్క ఒకటి అడుగుత. బెల్లంపల్లిల భాగ్యనగర్ ఎక్కితే సికింద్రాబాద్‌ల దిగేసరికే రెండొందల యాభై కిలోమీటర్లు. ఆడికెళ్ళి పట్నం మొత్తం దాటి, శ్రీశైలం రోడ్డు దిక్కు ఇంకో నలభై యాభై కిలోమీటర్లు. రాత్రి పదకొండు దాటినంక మ్యాచ్ అయిపోతది. ఆ నడిరాత్రి మీరెట్ల వస్తరు బిడ్డా? ఉప్పల్ నుంచి రానీకే ఇబ్బంది అని ఇదే పేజీల మీరే రాసిండ్రు. ఇంక దూరం కావాలె అని మీరే సంతకాలు పెట్టిస్తున్నరు.

ఉన్న స్టేడియం ఎట్ల నడిచిందో గూడ చూద్దాం. 2024 ఏప్రిల్‌ల ఐపీఎల్ మ్యాచ్ రేపనంగ ఉప్పల్ స్టేడియానికి కరెంట్ కట్ చేసిండ్రు. బకాయి కోటిన్నరకు పైన. నా ఇంటి బిల్లు రెండు నెలలు ఆగితే ఫీజు పీక్కపోతరు, ఆడ ఏండ్లకేండ్లు ఆగింది. 2022 సెప్టెంబర్‌ల ఇండియా ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్ కాడ తొక్కిసలాట అయింది. లాఠీ దెబ్బలు తిన్నది ఎవరు? మీ అసొంటి పిల్లలే. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌ను చక్కదిద్దుమని సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావు గారిని పెట్టింది. ఒక్కళ్ళే రెండు మూడు క్లబ్బులను చేతిల పెట్టుకున్నరని తేలి, ఆయన 57 క్లబ్బులను ఓటుకు దూరం పెట్టిండు. 2025 జులైల ఆ అసోసియేషన్ అధ్యక్షున్నే సీఐడీ అరెస్ట్ చేసింది. కేసు కోర్టుల తేలుతది, తప్పు ఎవరిదో నేను చెప్ప. నేను చెప్పేది ఏందంటే, ఉన్న స్టేడియానికి కరెంట్ బిల్లు కట్టుడు, టికెట్ సక్కగ అమ్ముడు రానోళ్ళకు ఇంకో స్టేడియం ఎందుకు?

మా అల్లుడు ఇంకో మాట అన్నడు. "మామా, మన ఎమ్మెల్యే గడ్డం వినోద్ గారు హెచ్‌సీఏకు అధ్యక్షుడు చేసిండు. చెన్నూర్ వివేక్ గారు గూడ చేసిండు. మనకంటె ఎవరికి ఎక్కువ చెల్లుతది?" నిజమే, ఇద్దరు చేసిండ్రు. అందుకే నేను గూడ వాళ్ళనే అడుగుమంటున్న. గని అడిగేది వేరే. ఆ అసోసియేషన్‌ల రెండొందలకు పైన ఓట్లుంటే అండ్ల మస్తు మట్టుకు పట్నం క్లబ్బులవే. మన పాత ఆదిలాబాద్ జిల్లా మొత్తానికి ఒక్క ఓటు. బాసర నుంచి సిర్పూర్ దాక, ఉట్నూరు నుంచి చెన్నూరు దాక ఒక్కటి. గా లెక్క తెల్సినోళ్ళు మన దగ్గర ఇద్దరు ఎమ్మెల్యేలుండంగ, ఆ ఓటు సంగతి, జిల్లా పిల్లల సెలక్షన్ సంగతి అడుగక సిమెంట్ గ్యాలరీ అడుగుడు ఏంది?

భూమి ముచ్చట చెప్త. ఫ్యూచర్ సిటీ అంటున్నరు కదా, ఆ దిక్కు ముచ్చర్ల, యాచారం రైతులను అడుగుండ్రి. ఫార్మా సిటీ అని వేల ఎకరాలు తీసుకున్నరు. ఏండ్ల తరబడి ఆ ఊర్లోళ్ళు ధర్నాలు చేసిండ్రు, కోర్టుల చుట్టు తిరిగిండ్రు. తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డు మారింది, ఫార్మా పోయి ఫ్యూచర్ వచ్చింది. రైతు భూమి మాత్రం రైతు చేతికి రాలే. తీసుకునేటప్పుడు ఒక పేరు, వాడేటప్పుడు ఇంకో పేరు. స్టేడియం గూడ గసొంటి పేరే. ఇరవై ఎకరాలు ఆట కోసం అంటరు. గ్యాలరీ కింద షాపులు కడతరు. ఆ షాపులు ఎవరికొస్తయో మీకు తెల్సు, నాకు తెల్సు.

అసైన్డ్ భూమి అంటే అమ్మొద్దు, కొనొద్దు అని 1977 నుంచి చట్టం ఉన్నది. మేము అమ్ముకోలే. బ్యాంకోడు లోన్ ఇచ్చేకాడ నసిగితె మెత్తగ ఊకున్నం. గుట్టల భూమి, రాళ్ళు ఏరి ఏరి మా నాయిన నడుము వంగింది. ఇప్పుడు అండ్ల పత్తి పండుతది. ఈ ఏడు సీసీఐ ఎకరానికి ఏడు క్వింటాళ్ళే కొంటమన్నది, ఫోన్ల స్లాట్ బుక్ చేసుకోవాలె అన్నది, తేమ ఎక్కువుందని వాపస్ పంపిండ్రు. గా బాధల నడుమ గూడ ఆ ఎకరం పది గుంటలే మా బిడ్డ నర్సింగ్ ఫీజు కట్టింది. దాని మీద బౌండరీ లైన్ గీస్తమంటే నాకు భయం కాదు, కోపం వస్తది. అవును, నా భూమి ఉన్నది కాబట్టే మాట్లాడుతున్న. భూమి లేనోళ్ళు సంతకం పెడ్తున్నరు కాబట్టి, ఉన్నోడు మాట్లాడాలె కదా.

"స్టేడియం వస్తే ఉపాధి వస్తది కాక" అని ఇంకొకడు. ఐపీఎల్ అయితే సొంత గ్రౌండ్‌ల ఏడాదికి ఏడు మ్యాచులు. గంత పెద్ద పట్నంలనే ఏడు రోజులు. బెల్లంపల్లిల ఎన్ని రోజులు? మిగిలిన రోజులు వాచ్‌మన్ ఒక్కడికి ఉపాధి.

నేను చెప్తే మోటు మాట అనుకుంటరు, అమెరికా ముచ్చట చెప్త. మా ఊరి పిల్లగాడొకడు కాన్సాస్ సిటీల ఎమ్మెస్ చదువుతుండు. ఆడ ఫుట్‌బాల్ టీం, బేస్‌బాల్ టీం రెండు కలిసి స్టేడియాల కోసం సేల్స్ టాక్స్ ఇంకో నలభై ఏండ్లు కట్టుండ్రి అన్నయట. 2024 ఏప్రిల్‌ల జనాన్ని ఓటు అడిగిండ్రు. ఫుట్‌బాల్ టీం రెండు నెలల కిందనే కప్పు గెలిచి ఉన్నది. ఫ్యాన్స్ అందరు జెర్సీలు ఏసుకొని తిరిగేటోళ్ళే. అయినా వందకు యాభై ఎనిమిది మంది వద్దు అన్నరు. టీం మీద ప్రేమ వేరు, జేబుల పైస వేరు అన్నరు. మరి ఆగిందా? జూన్‌ల పక్క రాష్ట్రం అసెంబ్లీ కూసోని, మా దిక్కు రాండ్రి, ఖర్చుల 70 శాతం దాక బాండ్లు ఇస్తమని చట్టం చేసింది. జనాన్ని అడిగితే వద్దన్నరు, ఎమ్మెల్యేలను అడిగితే సరే అన్నరు. ఆ దేశంల ముప్పై ఏండ్ల సంది లెక్కలు కట్టినోళ్ళు ఎక్కువ మంది చెప్పేది ఒక్కటే, స్టేడియంల పెట్టిన సర్కారు పైస ఊరికి తిరిగి రాదు అని. గంత ఉన్నోళ్ళకే రాకపోతే మనకు వస్తదా?

ఇగ అసలు ముచ్చట. మన తెలంగాణల ఆట గెలిచిన పిల్లలు ఎవరు? గొంగడి త్రిష. భద్రాచలం బిడ్డ. 2025 అండర్ 19 వరల్డ్ కప్‌ల 309 పరుగులు, ఏడు వికెట్లు, టోర్నీకే మేటి. ఆమె తండ్రి బిడ్డ ఆట కోసం జిమ్ అమ్ముకున్నడు, భూమి అమ్ముకున్నడు, పట్నం పోయిండు, పేపర్లల్ల అందరం చదివినం. సర్కారు కోటి రూపాయలు ఇచ్చింది, సంతోషం. గని గెలిచినంక ఇచ్చింది. జీవాంజి దీప్తి, వరంగల్ దిక్కు కల్లెడ. కూలీ చేసేటోళ్ళ బిడ్డ. 2024 పారిస్ పారాలింపిక్స్‌ల నాలుగొందల మీటర్ల పరుగుల కంచు పతకం. ఆమెను బయటికి తెచ్చింది బడిల ఆమె పరుగు చూసి గుర్తుపట్టిన సార్లు. గ్యాలరీ కాదు.

మా తమ్ముని బిడ్డ తొమ్మిదో తరగతి. ఖోఖో ఆడుతది. వాళ్ళ బడిల పీఈటీ సారు లేక రెండేండ్లు. పోయినేడు మండలం పోటీలకు పోతే ఆడపిల్లలు బట్టలు మార్చుకోనీకే జాగ లేదు. నలుగురు చున్నీలు అడ్డం పట్టుకుంటే లోపల ఒకళ్ళు మార్చుకున్నరట. ఇంటికొచ్చి "పెద్దనాయినా, ఇగ పోను" అన్నది. ఆ మాట అన్ననాడు నాకు రాత్రి బువ్వ పోలే. ఇరవై ఎకరాల స్టేడియం ఆ పిల్లకు ఏం చేస్తది? గ్యాలరీల కూసోని మొగపిల్లల ఆట చూడుమంటది.

2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం అన్నరు. మా ఊళ్ళది శికం పక్కన పెట్టిండ్రు. బోర్డు ఉన్నది, రెండు కట్టెలున్నయి. వానకాలం బర్లు ఈదుతయి. ఈ బోర్డును గ్రౌండ్ చేయనీకే నాలుగు రోజులు జేసీబీ, మొరం ట్రిప్పులు, ఒక బోరు, ఒక ఆడపిల్లల గది కావాలె. గదానికి ఏ బీసీసీఐ అక్కెర లేదు.

పోయినేడు ఆగస్టుల రాష్ట్ర క్రీడా పాలసీ అన్నరు, 2025ల. బోర్డుకు ఛైర్మన్ సంజీవ్ గోయెంకా, కో ఛైర్‌పర్సన్ ఉపాసన కొణిదెల. కావ్య మారన్ ఉన్నది, కపిల్ దేవ్ ఉన్నడు, గోపీచంద్ ఉన్నడు. పెద్దోళ్ళే, ఆడినోళ్ళు గూడ ఉన్నరు. గని ఊరి బడిల విజిల్ ఊదే పీఈటీ ఒక్కలు నాకు అండ్ల కనపడలే. పైన ఉన్నోళ్ళకు స్టేడియం కనపడుతది. బర్లు ఈదే ప్రాంగణం మనమే చూపియ్యాలె.

అందుకే నేను ఇంకో కాయితం రాసిన. ఎమ్మెల్యే గారికే. బళ్ళల్ల ఖాళీగున్న పీఈటీ పోస్టుల గురించి అసెంబ్లీల అడుగుండ్రి. తిలక్ స్టేడియంల మీటింగులు బందు పెట్టి మళ్ళ ఆటకు ఇయ్యుండ్రి, సింగరేణితోని మాట్లాడి నీళ్ళు, లైట్లు ఏపియ్యుండ్రి. ఊరి ప్రాంగణాలకు మొరం, ఆడపిల్లలకు గది. జిల్లా క్రికెట్ పిల్లల సెలక్షన్ ఇక్కడనే పెట్టుండ్రి, పట్నం ఖర్చు తప్పుతది. ఇవి అయినంక ఎవలన్న స్టేడియం అంటే, ముందుగాల ఆ భూమి దున్నుకునేటోళ్ళను పిలిచి గ్రామసభ పెట్టి అడుగుండ్రి.

మా అల్లునికి చెప్తున్న. బిడ్డా, నీ జెర్సీ మీద నాకు కోపం లేదు. మ్యాచ్ ఉన్ననాడు మా ఇంట్ల టీవీ ముందల నీకంటె ముందుగాల కూసునేది నేనే. నీ వెయ్యి సంతకాలల్ల నాది లేదు. గని నా కాయితం మీద మొదటి సంతకం నా తమ్ముని బిడ్డ పెట్టింది. రెండోది నేను పెట్టిన. మూడోది నీది కావాలె. వచ్చే ఐతారం పొద్దుగాల చేను కాడికే రాండ్రి, ఏడుగురు రాండ్రి. వచ్చేటప్పుడు బండి గట్టు మీద ఆపకుండ్రి, కంది మొక్కలు విరుగుతున్నయి.

తప్పు రాస్తే కింద చెప్పుండ్రి, దిద్దుకుంట. ఉంట మరి.