ఇంట గెలిచినవారికి రచ్చలో చోటు

కోటగిరిలో వరికోతలు ముగియగానే ఆ మడులే పిల్లలకు క్రికెట్టు మైదానాలవుతాయి. భారతజట్టును ప్రకటించిన రోజున పెద్దల మధ్య సాగే చర్చ కూడ ఒక్కటే: ఎవరిని తీసుకోవలసింది? ఎవరిని అకారణంగా విడిచిపెట్టారు? ఇది కాలక్షేపానికి చేసే వాదనగా తోచవచ్చు. కాని దీని వెనుక ఉన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్నారు మన పెద్దలు. క్రికెట్టు ఆటగానికి ఆ 'ఇల్లు' రంజీ ట్రోఫీయే. 1999-2000లో వి.వి.యస్. లక్ష్మణ్ హైదరాబాదు పక్షాన 9 మ్యాచ్‌లలో 8 శతకాలతో 1,415 పరుగులు చేశాడు. మరుసటి ఏడు, 2001 మార్చిలో, కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు సాధించాడు. ఆటో డ్రైవరు కుమారుడైన మహమ్మద్ సిరాజ్ 2016-17 రంజీలో 41 వికెట్లు తీసి, 2017లోనే భారతజట్టులో స్థానం పొందాడు. ఇంట గెలిచినవారు రచ్చ గెలువగలరనడానికి వీరే నిదర్శనం.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. ఎం.వి. శ్రీధర్ 1994లో ఆంధ్రజట్టుపై 366 పరుగులు చేసినా భారతదేశం పక్షాన ఒక్క మ్యాచ్ కూడ ఆడలేదు. హర్యానా స్పిన్నరు రాజిందర్ గోయల్ రంజీలో 637 వికెట్లు తీసినా టెస్టు క్రికెట్టుకు నోచుకోలేదు.

అయితే రెండవ పక్షం వాదన కూడ వినాలి. శ్రీధర్ 366 చేసిన ఇన్నింగ్స్‌లో హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. మరి ఇద్దరు ద్విశతకాలు సాధించారు. పిచ్ బ్యాటింగుకు ఎంత అనుకూలించిందో అంకెలు చెప్పవు. గోయల్ కాలంలో అదే ఎడమచేతి స్పిన్‌తో బిషన్‌సింగ్ బేడీ ఉన్నాడు. జట్టులో స్థానాలు పదకొండే. కాబట్టి పరుగులు చేసిన ప్రతివారినీ ఎంపికచేయాలనడం వివేకం కాదు.

నా అభిప్రాయంలో, ఎంపిక కాకపోవడం అన్యాయం కాదు; కారణం తెలియకపోవడమే అన్యాయం. ఇందుకు మన నిజామాబాదు బాక్సర్ నిఖత్ జరీన్ ఉదాహరణ. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు తనకు నేరుగా స్థానం ఇమ్మని ఆమె అడగలేదు. మేరీకోమ్‌తో ఎంపికపోటీ జరపమని మాత్రమే కోరింది. ఆ డిసెంబరులో పోటీ జరిగింది, ఆమె ఓడింది. అయినా ఓటమి ఆమెను కుంగదీయలేదు. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచింది. బరిలో దిగి ఓడినవారికి తమ లోపమేమిటో తెలుస్తుంది. బరిలోకే రానివ్వనివారికి మిగిలేది నిస్పృహ.

క్రికెట్టులో అటువంటి ముఖాముఖి పోటీ సాధ్యం కాదు. కనుక రంజీ ఋతువునే ఎంపికపోటీగా భావించాలి. ఒక్క ఇన్నింగ్స్‌ను గాక, రెండు మూడేళ్ళ నిలకడను, కఠినమైన పిచ్‌లపైనా పరాయి మైదానాలలోనూ చూపిన ప్రతిభను కొలబద్దగా గ్రహించాలి. ఆ కొలబద్దను అందరికీ ముందుగా తెలియజేయాలి. ఎంపిక కానివారికి కారణం చెప్పాలి.

కోటగిరి మడిలో బంతి విసిరే పిల్లలలో ఎవరూ భారతజట్టు దాకా చేరకపోవచ్చు. కాని దారి తెరచి ఉన్నదనే నమ్మకం వారికుండాలి. ఆ నమ్మకమే లేకుంటే రేపు బంతి పట్టేదెవరు?